పులి కనబడని సఫారీ

దోర్నాల దాటి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే తుమ్మలబైలు దగ్గర అటవీశాఖ వారి జంగిల్ సఫారీ తగులుతుంది. జీపెక్కి అడవంతా తిరిగి దిగినవాళ్లను కదిలిస్తే వచ్చే జవాబు దాదాపు ఒకటే. "ఏముందండీ, నాలుగు దుప్పులు, రెండు నెమళ్లు. పులీ లేదు, గిలీ లేదు." టికెట్ డబ్బులు దండగయ్యాయన్న దిగులు ముఖంలో కనిపిస్తూనే ఉంటుంది. పులుల అభయారణ్యం అని పేరు పెట్టాక పులి కోసం కళ్లు కాయలు కాచేలా చూడటంలో తప్పేమీ లేదు. కాకపోతే జీపెక్కే ముందు చిన్న లెక్క ఒకటి వేసుకోవాలి.

మన దేశంలోని పులుల అభయారణ్యాలన్నిటిలోకీ పెద్దది మన నాగార్జునసాగర్-శ్రీశైలం. 1978లో అభయారణ్యమైంది, 1983లో ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. రాష్ట్రం విడిపోయాక కృష్ణకు అవతలి ముక్క అమ్రాబాద్ పేరుతో తెలంగాణకు పోయినా, ఇవతల కోర్, బఫర్ కలిపి 3,296 చదరపు కిలోమీటర్లు మిగిలింది. 2022 గణనలో ఇందులో తేలిన పులులు 58. అంటే ఒక్కో పులికి సగటున 57 చదరపు కిలోమీటర్ల అడవి. ఉత్తరాఖండ్‌లోని కార్బెట్ సంగతి చూడండి. 1,288 చదరపు కిలోమీటర్లలో 260 పులులు, తలకు ఐదు చదరపు కిలోమీటర్లు. అక్కడ మూడు గంటలు తిరిగి పులిని చూసి వచ్చిన బంధువుల మాట విని ఇక్కడ జీపెక్కితే నిరాశ తప్పదు.

ఎందుకింత తేడా? పులి ఒక్కటే ఏడాదికి దుప్పి సైజు జంతువులను యాభై దాకా తింటుంది. ఆ యాభై పోయినా మంద తరగకుండా ఉండాలంటే దాని చుట్టూ సుమారు ఐదు వందల దుప్పులో, కణితులో, అడవిపందులో బతుకుతూ ఉండాలి. కాబట్టి పులుల లెక్క నిజానికి దుప్పుల లెక్క. దుప్పుల లెక్క గడ్డి లెక్క. గడ్డి ఎంత మొలవాలో, ఎన్నాళ్లు పచ్చగా ఉండాలో తేల్చేది నేలలో నిలిచే నీళ్లు. నల్లమలలో కథ మొత్తం ఆ నీళ్ల దగ్గరే తిరుగుతుంది.

మార్కాపురం వాళ్లకు ఈ కొండల కడుపులో ఏముందో విడిగా చెప్పక్కర్లేదు. తరాల తరబడి మన పిల్లలు అక్షరాలు దిద్దిన పలకలు ఆ రాతివే. నల్లమల కింద పరుచుకున్నవి కడప శ్రేణి శిలలు, ముఖ్యంగా పలకరాయి, దానితోపాటు గట్టి క్వార్ట్‌జైట్. గిద్దలూరు నుంచి నంద్యాల పోయే దారిలో చలమ దగ్గర ఈ రాళ్లలోకి కింది నుంచి చొచ్చుకొచ్చిన లాంప్రోయిట్ అనే అగ్నిశిల ఉంది. దాని వయసే సుమారు 140 కోట్ల ఏళ్లు. అది చొచ్చుకురావడానికి ముందే ఉన్న పలకరాయి అంతకన్నా పాతది. అంత ముసలి రాయి మీద మట్టి మాత్రం చాలాచోట్ల జానెడు మందం కూడా ఉండదు. వాన కురిస్తే పలక మీద పోసిన నీళ్లలా జారి వాగుల్లో పడుతుంది, వాగులు గుండ్లకమ్మలో పడతాయి. గుండ్లబ్రహ్మేశ్వరం దగ్గర కొండల్లో పుట్టిన ఆ గుండ్లకమ్మను రెండు కొండల సందులో ఆపి విజయనగర రాజుల కాలంలో కంభం చెరువు కట్టారు. 2020లో అది ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడాల జాబితాకెక్కింది. కొండ నిలుపుకోలేని నీటిని కింద మనుషులు నిలుపుకున్నారన్నమాట. అది చాలకనే ఇప్పుడు అదే కొండల కింద నుంచి వెలిగొండ సొరంగాలు, ఒక్కొక్కటి 18 కిలోమీటర్ల పైచిలుకు పొడవున, కృష్ణ నీళ్ల కోసం తవ్వారు.

సొరంగం తవ్వుకోలేని చెట్లు ఇంకో ఉపాయం పట్టాయి. చెట్టులో వేరు కొస నుంచి ఆకు అంచు దాకా సన్నటి నాళాల్లో నీరు తెగకుండా ఉంటుంది. ఆకు నుంచి ఆవిరి పోయేకొద్దీ ఆ ఈడ్పుకు కింది నీరు పైకి వస్తుంది. నేల ఎండిపోయాక కూడా ఆకు ఈడుస్తూనే ఉంటే ఆ నీటి ధార బిగుసుకుని ఎక్కడో ఒకచోట తెగుతుంది, తెగినచోట గాలి బుడగ చేరుతుంది. బుడగ చేరిన నాళం ఇక నీరు మోయదు. అలాంటివి ఎక్కువైతే కొమ్మ ఎండుతుంది, ఆపైన చెట్టే ఎండుతుంది. అందుకే సంక్రాంతి దాటేసరికి టేకు, చిరుమాను, ఏగిస, నల్లమద్ది ఒక్కొక్కటే ఆకు దులిపేసుకుంటాయి. చూసేవాళ్లకు అడవి చచ్చినట్టుంటుంది కానీ లోపల ప్రాణాన్ని కాపాడుకునే ఏర్పాటు అది. శివరాత్రి నాటికి ఆకు లేని మోదుగ కొమ్మ నిండా ఎర్రటి పూలు విచ్చుకుంటాయి. ఆకులు అడ్డం లేనప్పుడు పువ్వు పక్షులకు దూరం నుంచే కనబడుతుంది.

వీటిలో నల్లమద్ది తీరు వేరు. గళ్లు గళ్లుగా పగిలిన దాని నల్లటి బెరడు చూస్తే ఎండకు మాడినట్టుంటుంది. 2024 మార్చిలో పాపికొండల అడవిలో అటవీ అధికారులు, చెట్టులో నీళ్లుంటాయని అక్కడి ఆదివాసులు కొండరెడ్లు చెప్పిన మాట నిజమో కాదో చూద్దామని ఒక నల్లమద్ది మాను మీద బుడిపెను కోస్తే కుళాయి తిప్పినంత ధారగా నీళ్లు చిమ్మాయి. ఆ వీడియో చాలామంది చూసే ఉంటారు. నల్లమద్ది నల్లమలలో అడుగడుగునా ఉంటుంది. సఫారీలో దాని ముందు జీపు ఆపమని అడిగేవాళ్లు మాత్రం అరుదు.

ఇక్కడ కాస్త దూరదేశం పోయి వద్దాం. పశ్చిమ ఆఫ్రికాలో ఘనా అనే దేశముంది. అక్కడి కాకుమ్ అడవిని 1992లో జాతీయవనం చేశారు. వర్షారణ్యం కదా, ఏడాది పొడవునా ఆకు రాలదు. చెట్టు మీద చెట్టు, తీగ మీద తీగ. అందులో అడవి ఏనుగులున్నాయి, కానీ పదడుగుల దూరంలో ఏనుగు నిలబడ్డా ఆ పచ్చదనంలో కనబడదు. వచ్చిన యాత్రికులు ఏనుగేదని గొణుక్కుంటూ పోకుండా అక్కడివాళ్లు తెలివైన పని చేశారు. 1995లో పెద్ద పెద్ద మానుల మధ్య తాళ్ల వంతెనలు కట్టారు. ఏడు వంతెనలు, మొత్తం 350 మీటర్ల నడక, కొన్నిచోట్ల నేలకు 40 మీటర్ల ఎత్తున. ఆ అడవిలో జీవం అత్యధికం పైకప్పు మీదే ఉంటుంది. పండ్లు, పూలు, సీతాకోకలు, కోతులు, పక్షులు అన్నీ అక్కడే. మనిషిని అక్కడికే ఎక్కించారు. ఏనుగును చూపించలేమని ఒప్పుకుని, అడవి అసలు ఎక్కడ జరుగుతోందో అక్కడికి తీసుకెళ్లారు.

మరి మన అడవి ఎక్కడ జరుగుతోంది? ఎండాకాలమైతే దానికి జవాబు సులువు. నీటి గుంట ఒడ్డున. వాగులు ఎండిపోయాక మిగిలే నాలుగు కుంటలు, చెలమలు, అటవీశాఖ ట్యాంకర్లతో నింపే సాసర్ పిట్లు, వీటి చుట్టూనే అన్నీ చేరాలి. దుప్పి రోజూ తాగాలి. కణితి చీకటి పడ్డాక వస్తుంది. కొండగొర్రె ఒంటరిగా, పది అడుగులకోసారి ఆగి చెవులు రిక్కించి వస్తుంది. నాలుగు కొమ్ముల జింక అదొక్కటే. ప్రపంచంలో భారత్, నేపాల్‌లలో తప్ప లేదు. మన నల్లమలలో ఉంది.

తెల్లవారుజామున సాసర్ పిట్ అంచున తడి మట్టిని చూస్తే రాత్రి ఎవరెవరు వచ్చిపోయారో తెలుస్తుంది. పిల్లి జాతికి గోళ్ల గుర్తులు పడవు, నడిచేటప్పుడు లోపలికి ముడుచుకుంటుంది. పాదం వెనక మెత్త అంచు మూడు వంపులుగా ఉంటే చిరుతో పులో. అరచేయంత వెడల్పు దాటితే పులే అనుకోవచ్చు. వెనక కాలి గుర్తు చదరానికి దగ్గరగా ఉంటే మగది, కాస్త కోలగా ఉంటే ఆడది అని అనుభవజ్ఞులు చెబుతారు. వేలి కొసల ముందు గోటి గుచ్చుళ్లు కనబడితే రేచుకుక్క. పొడుగాటి మడమ, దాని ముందు ఐదు వేళ్లు, చాలా ముందుగా గోళ్ల గీతలు కనిపిస్తే ఎలుగుబంటి. వెనక కాలు పెట్టినచోట చిన్నపిల్లాడు నడిచాడేమో అనిపిస్తుంది. ఒకప్పుడు ఈ అడుగుజాడలను ప్లాస్టర్‌లో పోసి పులులను లెక్కపెట్టేవారు. ఒకే పులి తడి మట్టిలో ఒకలా, దుమ్ములో ఒకలా అడుగు వేస్తుంది కాబట్టి ఆ లెక్క నిలవలేదు. 2006 గణన నుంచి కెమెరా ట్రాప్‌లకు మారారు. ఏ రెండు పులుల చారలూ ఒకేలా ఉండవు. ఒకే పులికి కూడా కుడివైపు ఒక తీరు, ఎడమవైపు ఇంకో తీరు. అందుకే బాటకు రెండు పక్కలా ఎదురెదురుగా కెమెరాలు కడతారు. ఒక్క పక్క ఫొటోతో సరిపెట్టుకుంటే ఒకే పులిని రెండుసార్లు లెక్కపెట్టే ప్రమాదం ఉంది.

మట్టిని చదవడం అయ్యాక ముక్కుకు పని చెప్పండి. పులి తన సరిహద్దులో చెట్టు మొదట్లోకి వెనక్కి తిరిగి జిమ్మే ద్రవంలో 2-ఎసిటైల్-1-పైరోలీన్ అనే పదార్థం ఉంటుంది. కోల్‌కతా శాస్త్రవేత్త రతన్‌లాల్ బ్రహ్మచారి ఏళ్ల తరబడి పులుల వాసన మీద చేసిన పరిశోధనలో బయటపడిన సంగతి ఇది. బాస్మతి బియ్యానికి ఆ సువాసన తెచ్చేది సరిగ్గా ఇదే అణువు. అడవిలో మానవవాసన లేనిచోట ఎవరో అన్నం వార్చినట్టు అనిపిస్తే జీపు దిగకండి మరి.

చెవులు ఎటూ ఉన్నాయి. చెట్టు మీది కొండముచ్చు దగ్గినట్టు అరిచిందంటే అది పైనుంచి దేన్నో చూసింది. దుప్పి కూత విన్నా నమ్మొచ్చు, కాకపోతే అది కొంచెం తొందర మనిషి, నక్కకు కూడా అరుస్తుంది. కణితి ఒక కాలు నేలకేసి కొట్టి టాంక్‌మని కేకేసిందంటే మాత్రం అక్కడ పెద్దపిల్లి ఉన్నట్టే లెక్క. ఇంజిన్ ఆపితే తప్ప ఇవేవీ వినబడవు.

ఇంత చెప్పినా పులే కావాలనేవాళ్లుంటారు. వాళ్లకు నేను చెప్పేది వేరే జీవి సంగతి. పులి చాలా దేశాల్లో ఉంది. ఇది మాత్రం గిద్దలూరు, నంద్యాల మధ్య అడవిలో తప్ప భూమ్మీద ఇంకెక్కడా ఉన్నట్టు రూఢి కాలేదు.

1899లో బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే పోకాక్ అనే శాస్త్రవేత్త దగ్గరికి గుత్తి నుంచి ఒక ఆడ సాలీడు చేరింది. గుత్తి రైల్వే కలప డిపోలో దొరికిందట. లోహంలా మెరిసే నీలం రంగు చూసి దానికి పోయెసిలోథీరియా మెటాలికా అని పేరు పెట్టాడు. ఆ తరవాత నూరేళ్లపాటు దాని జాడ లేదు. గుత్తిలో వెతికితే దొరకదు, దొరికే అడవీ అక్కడ లేదు. 102 ఏళ్ల తరవాత నంద్యాల, గిద్దలూరు మధ్య నల్లమలలో మళ్లీ కనబడింది. ఆ అడవి గుండానే రైలు మార్గం గుంతకల్లు వైపు పోతుంది. ఇక్కడ కొట్టిన మొద్దుల తొర్రలో కూర్చుని వ్యాగన్‌లో గుత్తికి ప్రయాణం చేసి ఉంటుందని శాస్త్రవేత్తల ఊహ. పాపం, ఇంటిపేరు మాత్రం దిగిన స్టేషన్ గుత్తిది అంటుకుంది.

దగ్గరగా చూస్తే కాళ్లు చాచినప్పుడు జానెడు ఉంటుంది. ముదురు నీలం కాళ్ల మీద కీలు కీలుకీ పసుపు మచ్చ, వీపు మీద బూడిద తెలుపు గీతల అల్లిక. పాత మానుల తొర్రల్లో గూడు అల్లుకుని పగలంతా లోపలే ఉంటుంది, రాత్రి గుమ్మంలోకి వచ్చి పురుగుల కోసం కాచుకుంటుంది. ఆడది పదేళ్లు పైనే బతుకుతుంది, మగది మూడు నాలుగేళ్లకే పోతుంది. కరిస్తే చచ్చిపోరు కానీ కండరాలు రోజుల తరబడి పట్టేస్తాయి.

ఆ నీలంలో వింతేమిటంటే అది రంగు పదార్థం కాదు. నీలి మందు, నేరేడు రసం లాంటివేవీ దాని వంట్లో లేవు. ఒక్కో వెంట్రుకలో మీటరులో వందకోట్లో వంతుల్లో కొలిచే సన్నటి పొరల కట్టడం ఉంటుంది. వెలుతురు ఆ పొరల మీద పడి తిరిగి వచ్చేటప్పుడు మిగతా రంగుల అలలు ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. సుమారు 450 నానోమీటర్ల నీలి అల మాత్రం బలపడి మన కంటికి చేరుతుంది. నెమలి ఈకలోనూ ఇలాంటి విద్యే ఉంది కానీ దాన్ని కొంచెం తిప్పితే రంగు మారిపోతుంది. ఈ సాలీడు నీలం ఎటునుంచి చూసినా దాదాపు అదే. తరాంటులా జాతుల్లో ఇలాంటి నీలం కనీసం ఎనిమిది సార్లు విడివిడిగా పుట్టుకొచ్చిందని 2015లో ఒక పరిశోధన తేల్చింది. కోణం మారినా మారని రంగు కాబట్టి రంగులు, తెరలు తయారుచేసే పరిశ్రమల కన్ను దీని మీద పడింది. మరి చీకట్లో బతికే జీవికి ఆ నీలం ఎందుకు? కళ్లు సరిగా ఆనవు కాబట్టి జోడీ కోసం కాదన్నారు మొదట. రంగులు గుర్తుపట్టే జన్యువులు వాటికి ఉన్నాయని 2020లో ఇంకో బృందం చెప్పింది. వాదన ఇంకా నడుస్తోంది.

ఈ సాలీడుకు ఉన్న చోటు మొత్తం కలిపినా వంద చదరపు కిలోమీటర్లు లేదని 2008లో దాన్ని అత్యంత ప్రమాదంలో ఉన్న జీవుల జాబితాలో చేర్చారు. తొర్ర పడాలంటే మాను ముసలిది కావాలి. కట్టెల కోసం, కలప కోసం మొదట పోయేది ఆ ముసలి మానులే. రెండో ముప్పు దాని అందం. యూరప్‌లో, అమెరికాలో దీన్ని గాజుపెట్టెల్లో పెంచుకునే సరదా ఉన్నవాళ్లు బోలెడంతమంది. 2019లో ఈ సాలీడు ప్రజాతి పోయెసిలోథీరియా మొత్తాన్ని అంతర్జాతీయ వన్యప్రాణి వాణిజ్య ఒప్పందం కిందికి తెచ్చారు. చూడటానికి వచ్చే ప్రేమికులే ఒక జీవికి ప్రమాదం కావడం పులి విషయంలో ఊహించలేం, సాలీడు విషయంలో జరుగుతోంది. అందుకని ఏ బీట్, ఏ వాగు అనేది ఈ వ్యాసంలో రాయడం లేదు.

ప్రేమ వల్ల చెడే ఇంకో జీవి ఘాట్ రోడ్డు మీదే కనిపిస్తుంది. కారు అద్దం దించి అరటిపండ్లు, బిస్కెట్లు విసిరేవాళ్ల కోసం కోతులు రోడ్డు పక్కన బారులు తీరి కూర్చుంటాయి. అడవిలో పండు తిని గింజ ఎక్కడో పారేసి మొక్క మొలిపించాల్సిన జంతువు, తారు మీద బిస్కెట్ కోసం చెయ్యి చాస్తోంది. బండ్ల కింద పడేవీ అవే. పుణ్యం చేశామని మనం అనుకుంటాం.

రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు దాకా దోర్నాల-శ్రీశైలం దారిలో వాహనాలు ఆపేయడం చాలామందికి విసుగు. పగటి వేడిని తారు రాత్రి దాకా పట్టి ఉంచుతుంది. ఆ వెచ్చదనానికి పాములు రోడ్డు మీదికి వస్తాయి. హెడ్‌లైటు కళ్లలో పడితే దుప్పి పారిపోదు, బిగుసుకుని నిలబడిపోతుంది. ఆ తొమ్మిది గంటలు రోడ్డు వాటిది.

నిజానికి మనవాళ్లకు అడవికి పోవడం సఫారీ బోర్డులు రాకముందే తెలుసు. గిద్దలూరు, రాచర్ల వైపువాళ్లు శనివారం వస్తే నెమలిగుండ్ల రంగనాయకస్వామి దగ్గరికి పోతారు. గుండ్లకమ్మ గుండంలోకి దూకేచోట స్నానం, దర్శనం, సాయంత్రానికి తిరుగు ప్రయాణం. మిగతా రోజుల్లో గుడి మూసే ఉంటుంది. అడవికి ఇంతకన్నా మంచి ఏర్పాటు ఏ ప్రణాళికా సంఘమూ చేసి ఉండేది కాదు, వారంలో ఆరు రోజులు సెలవు. నెక్కంటి అడవిలోని ఇష్టకామేశ్వరికి జీపుల మీద పోయేవాళ్లూ, ఉగాదికి వెంకటాపురం, నాగలూటి మీదుగా నడిచొచ్చే కన్నడ భక్తులూ సరేసరి. ఒక పదిహేను, ఇరవై ఏళ్ల కింద సరదాకి అడవిలోకి పోదామంటే ఇంట్లో పోనిచ్చేవారు కాదు. 2004 అక్టోబరులో మావోయిస్టు నేతలు ప్రభుత్వంతో చర్చలకు బయటికి వచ్చింది దోర్నాల దగ్గరి చిన్నారుట్ల నుంచే. అప్పట్లో అటవీ సిబ్బంది కూడా లోపలికి పోవడానికి వెనకాడేవారు.

అప్పుడూ ఇప్పుడూ లోపల ఉన్నది ఈ అడవి ఆదివాసులైన చెంచులు. బేస్ క్యాంపుల్లో ప్రొటెక్షన్ వాచర్లుగా రోజూ కాలినడకన బీట్ తిరిగేవాళ్లు, కెమెరా ట్రాప్ ఏ బాట మీద కడితే పులి పడుతుందో చెప్పేవాళ్లు ఎక్కువమంది వాళ్లే. రాష్ట్రం మొత్తం మీద 2018లో 48గా ఉన్న పులులు 2022కు 63 అయ్యాయంటే అందులో ఆ నడకకు పెద్ద వాటా ఉంది. 2024లో వెలుగోడు, బైర్లూటి వైపు నూరేళ్లకు పైగా కనబడని అడవిదున్న తిరిగి కనబడింది. దక్షిణాన గిద్దలూరు నుంచి శేషాచలం దాకా పులులు నడిచే దారిని కాపాడాలన్న ప్రతిపాదనా ఉంది. ఇవన్నీ సందర్శకుడికి చెప్పగలిగినవాళ్లు జీపులో ఉండాలి.

నాకు తోచేది ఇది. దూరాన్ని బట్టి కాకుండా సమయాన్ని బట్టి టికెట్ పెట్టి చూడొచ్చు. పొద్దున్నే ఒక నీటి గుంటకు గాలి ఎదురుగా వచ్చేచోట మంచె కట్టి, ఆరుగురిని మించకుండా ఎక్కించి, పక్కన ఒక చెంచు వాచర్‌ను కూర్చోబెట్టి, రెండు గంటలు ఫోన్లు మూయించాలి. డ్రైవరు పక్క సీటుకు ఇచ్చే డబ్బు ఆ వాచర్‌కు ఇవ్వాలి. జులై నుంచి సెప్టెంబరు దాకా ఎటూ అడవి మూసే ఉంటుంది, వెళ్లాలనుకుంటే ఫిబ్రవరి మొదలు మే దాకా, ఎండకు ఓర్చుకోగలిగితే, ఆకు రాలి చూపు దూరం పోయే రోజుల్లో వెళ్లండి. తెల్ల చొక్కా వేసుకోకండి, సెంటు పూసుకోకండి. మొదటి అరగంట ఏమీ రాదు.